నగరి ముక్కుకొండ – పులికాట్ తీరం: ఒక సముద్రపు ఆనవాలు చరిత్ర

వ్యాససంగ్రహం

పులికాట్ రేవు చరిత్రను సాధారణంగా కోట, వర్తకం, సంధిపత్రాల ఆధారంగా రాస్తారు. రేవుకు పడమరగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో నిలిచిన నగరి కొండలకు ఆ చరిత్రలో చోటు తక్కువ. అయితే తెరచాప ఓడల కాలంలో ఈ తీరానికి వచ్చే నావికునికి ముందుగా ఆనవాలు చూపినవి ఈ కొండలే. సరస్సుకు మంచినీటిని పంపే ఏరులు పుట్టినది ఈ కొండల వైపే. రేవుకు అనుమతులిచ్చిన రాజధానికి దారి సాగినది వీటి పక్కనుండే. నగరి ముక్కుకొండ, కంబాకం కొండ, పులికాట్ సరస్సు ఒకే భూభాగపు అంగాలని, పరిపాలనా సరిహద్దులు, వాటిని అనుసరించిన గ్రంథస్థ విజ్ఞానం ఆ భూభాగాన్ని ముక్కలు చేశాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నగరి ముక్కుకొండ, పులికాట్, ప్రళయకావేరి, కంబాకం, ఆరణి నది, కాళహస్తి జమీందారీ, జిల్లా మాన్యువళ్లు.

1. ప్రవేశిక

చెన్నై నుండి రేణిగుంటకు వెళ్లే రైలుమార్గంలో ఏకాంబరకుప్పం, పుత్తూరుల మధ్య ప్రయాణించేవారికి తూర్పు దిక్కున ఒక కొండకొమ్ము కనిపిస్తుంది. నిటారుగా లేచి, ఒక్కసారిగా తెగిన ఆ కొమ్ము ఆకారాన్ని బట్టి ప్రజలు దానిని ముక్కుకొండ అంటారు. ఆంగ్ల పటాలలోనూ, జిల్లా వివరణలలోనూ అది ‘నగరి నోస్’. దాని ఎత్తు సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగులు. తూర్పు కనుమలలో ఇంతకన్నా ఎత్తైన శిఖరాలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఎత్తు ఒక్కటే దీని ఖ్యాతికి కారణం కాదు. బ్రిటిష్ కాలపు రచనలు ఈ కొండను ప్రస్తావించినప్పుడు చెప్పే ముఖ్యమైన విశేషం ఇది సముద్రంలో ప్రయాణించేవారికి కనిపించే గుర్తు అన్నదే.

సముద్రానికి సుమారు 80 కిలోమీటర్ల లోపల ఉన్న కొండ నావికులకు గుర్తు కావడం గమనించవలసిన విషయం. విశాఖపట్నంలోని డాల్ఫిన్స్ నోస్ కూడా ముక్కు పేరుతోనే ప్రసిద్ధమైన కొండ. అయితే అది అలల అంచున నిలిచిన కొండ, రేవులో భాగం. నగరి ముక్కుకొండకు తీరంతో అటువంటి ప్రత్యక్ష సంబంధం లేదు. మధ్యలో పొలాలు, చెరువులు, ఏరులు, ఉప్పునీటి సరస్సు, ఇసుకదిబ్బ ఉన్నాయి. వాటన్నిటి మీదుగా ఒక కొండ, ఒక రేవు ఎలా ముడిపడ్డాయి? ఆ ముడి ఎలా సడలింది? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

2. భూస్వరూపం: కొండ, ఏరు, సరస్సు

పులికాట్ సరస్సు ఒడిశాలోని చిల్కా తర్వాత భారతదేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. దాని అధికభాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. దక్షిణపు కొన, సముద్రద్వారం, పులికాట్ ఊరు తమిళనాడులో ఉన్నాయి. ఊరి తమిళనామం పళవేర్కాడు. సరస్సుకు తెలుగువారిలో ప్రళయకావేరి అనే పేరు ఉంది. స. వెం. రమేశ్ రచించిన ‘ప్రళయకావేరి కథలు’ ద్వారా ఆ పేరు నేటి సాహిత్య పాఠకులకు పరిచితమైంది. సరస్సుకు, బంగాళాఖాతానికి మధ్య శ్రీహరికోట దీవి పొడవైన అడ్డుకట్టలా పరచుకొని ఉంది.

సరస్సుకు చేరే మంచినీరు ప్రధానంగా పడమటి వైపునుండి వస్తుంది. ఆరణి నది నగరి కొండల ప్రాంతంలో పుట్టి, పిచ్చాటూరు, సురుటుపల్లి, ఊత్తుకోట మీదుగా సాగి సరస్సు దక్షిణభాగాన్ని చేరుతుంది. కాళంగి నది కె.వి.బి. పురం వైపు కొండలలో పుట్టి సూళ్లూరుపేట మీదుగా సరస్సు మధ్యభాగంలో కలుస్తుంది. ఉత్తరాన స్వర్ణముఖి చంద్రగిరి ప్రాంతపు కొండలనుండి తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా తీరానికి వస్తుంది. సరస్సులోని ఉప్పు, తీపి నీళ్ల నిష్పత్తి రెండు అంశాల మీద ఆధారపడుతుంది. ఒకటి సముద్రద్వారం తెరచి ఉండడం, రెండవది ఈ ఏరుల ప్రవాహం. చేప, రొయ్య, పీత వంటి జీవరాశి మనుగడ, వాటిపై బతికే మత్స్యకారుల జీవనం ఆ నిష్పత్తిని అనుసరించి ఉంటాయి.

కొండల రాయికి కూడా ఈ సంబంధంలో చోటుంది. కడప శిలాసంఘంలోని ఒక ముఖ్యమైన పొరకు భూగర్భశాస్త్రవేత్తలు నగరి క్వార్ట్‌జైట్ అని పేరు పెట్టారు. కొండలకు దిగువన, నేటి తమిళనాడులోని అత్తిరంపాక్కం వద్ద 1863లో రాబర్ట్ బ్రూస్ ఫూట్, విలియం కింగ్‌లు రాతియుగపు పనిముట్లను గుర్తించారు. అక్కడి పనిముట్లకు ముడిసరుకు క్వార్ట్‌జైట్ గుండ్రాళ్లే. శాంతి పప్పు బృందం 2011లో ప్రకటించిన పరిశోధన ఆ ప్రదేశంలోని అషూలియన్ పనిముట్లను సుమారు 15 లక్షల ఏళ్ల నాటివిగా నిర్ధారించింది. కొండ అంచులకు, తీరమైదానానికి మధ్య మానవసంచారం రేవుల చరిత్రకన్నా ఎంతో ప్రాచీనమని ఇది సూచిస్తుంది.

3. నావికుని కంట కొండ

నగరి కొండలు, పులికాట్ ఊరు రెండూ సుమారుగా 13 డిగ్రీల 20 నిమిషాలు, 13 డిగ్రీల 30 నిమిషాల ఉత్తర అక్షాంశాల మధ్యనే ఉన్నాయి. అంటే పులికాట్ ఎదుట సముద్రంలో నిలిచిన ఓడకు ముక్కుకొండ దాదాపు సూటిగా పడమట ఉంటుంది. ఈ స్థితి నావికునికి ఎందుకు విలువైనదో తెలుసుకోవాలంటే 17వ శతాబ్ది నౌకాయానంలోని ఒక పరిమితిని గుర్తుచేసుకోవాలి. ఆనాటి నావికుడు సూర్యుని లేదా ధ్రువనక్షత్రం ఎత్తును కొలిచి తన అక్షాంశాన్ని చాలావరకు సరిగా తెలుసుకోగలిగేవాడు. రేఖాంశాన్ని నమ్మకంగా తెలుసుకొనే సాధనం అతని వద్ద లేదు. సముద్రం మీద ఆధారపడదగిన కాలమాపకం 18వ శతాబ్ది ఉత్తరార్ధంలోగాని అందుబాటులోకి రాలేదు. అందువల్ల తూర్పునుండి వచ్చే ఓడ తాను ఏ వరుసలో ఉన్నదో తెలుసుకొనేది కాని, తీరానికి ఎంత దూరంలో ఉన్నదో కచ్చితంగా తెలుసుకోలేకపోయేది.

ఈ తీరం అటువంటి అనిశ్చితికి ప్రమాదకరమైన చోటు. శ్రీహరికోట, పులికాట్ ఇసుకదిబ్బలు నీటికి కొద్ది అడుగుల ఎత్తులో మాత్రమే ఉంటాయి. తీరానికి ఎదుట నీటి అడుగున ఇసుకమేటలు ఉన్నాయి. నౌకామార్గదర్శికలలో వాడే స్థూలసూత్రం ప్రకారం, ఎత్తును అడుగులలో తీసుకొని దాని వర్గమూలాన్ని 1.15తో గుణిస్తే ఆ వస్తువు దిగంతం మీద కనిపించే దూరం నాటికల్ మైళ్లలో వస్తుంది. చూసేవాని కన్ను ఉన్న ఎత్తుకు కూడా ఇదే లెక్క చేసి కలపాలి. ఓడపై 25 అడుగుల ఎత్తున నిలిచినవానికి 16 అడుగుల ఇసుకదిబ్బ సుమారు 10 నాటికల్ మైళ్ల దూరం నుండి, అనగా 19 కిలోమీటర్ల నుండి మాత్రమే కనబడుతుంది. అదే నావికునికి 2,800 అడుగుల కొండ శిఖరం సుమారు 66 నాటికల్ మైళ్ల, అనగా 120 కిలోమీటర్లకు పైబడిన దూరం నుండి కనబడాలి. అందులో తీరం నుండి కొండ వరకు ఉన్న 80 కిలోమీటర్లు తీసివేస్తే, తీరానికి 40 కిలోమీటర్ల దూరంలో ఉండగానే శిఖరాగ్రం దిగంతంపై తేలుతుంది. గాలి నిర్మలంగా ఉన్న రోజున నేల కనిపించకముందే కొండ కనిపిస్తుందని ఈ లెక్క వల్ల తెలుస్తుంది. ఓడను నెమ్మదింపజేయడానికి, లోతుగుండు వేసి నీటి లోతు చూడడానికి నావికునికి దొరికే వ్యవధి ఈ తేడాయే.

ఈ తీరానికి ఇంకా దగ్గరలో మరో ఎత్తైన కొండ ఉంది. సత్యవేడుకు ఉత్తరాన, వరదయ్యపాలెం ప్రాంతంలోని కంబాకం కొండ సుమారు 2,500 అడుగుల ఎత్తుగలది. ఆంగ్లేయులు దానిని కంబాకం ద్రుగ్ అని రాసేవారు. ‘ద్రుగ్’ అన్నది దుర్గం అనే మాటకు ఆంగ్లరూపం. నేడు దాని లోయలోని ఉబ్బలమడుగు జలపాతం వల్ల ఈ కొండ యాత్రికులకు పరిచితం. తీరానికి దగ్గరగా ఉన్నందువల్ల కంబాకం కొండ సముద్రంపై ఇంకా ఎక్కువ దూరం నుండి కనబడే అవకాశం ఉంది. అయినా ఆనవాలుగా ప్రసిద్ధి ముక్కుకొండకు దక్కడానికి కారణం దాని ఆకారమే. సముద్రపు గుర్తుకు ఎత్తుతోపాటు మరొక కొండగా పొరబడే వీలులేని రూపం కావాలి. కొండ ముక్కువలె తెగి ఉండడం ఆ అవసరాన్ని తీర్చింది.

రెండు కొండలూ కలిసి కనిపించినప్పుడు ప్రయోజనం మరింత పెరుగుతుంది. ఒక గుర్తు దిక్కును మాత్రమే చెబుతుంది. రెండు గుర్తుల దిక్కులను దిక్సూచితో చూసి పటంపై రెండు గీతలు గీస్తే అవి కలిసిన చోటే ఓడ ఉన్న స్థానం. తీరప్రాంత మత్స్యకారులు పటాలు లేకుండానే ఇదే సూత్రాన్ని పాటించారు. ఒక తాటిచెట్టునో గుడిగోపురాన్నో దాని వెనుకనున్న కొండతో ఒక వరుసలోకి తెచ్చి, వేటకు అనువైన చోటును గుర్తుపెట్టుకోవడం తీరాలన్నింటా కనిపించే పద్ధతి. విదేశీ నావికుడు పటంపై చేసిన పనిని దేశీయ మత్స్యకారుడు కంటితో చేశాడు.

ఈ ఆనవాలుకు పరిమితులు కూడా ఉన్నాయి. ఈశాన్య రుతుపవన కాలంలో, అంటే అక్టోబరు నుండి డిసెంబరు వరకు, కోరమండల్ తీరంలో తుపానులు ఎక్కువ. ఆశ్రయమిచ్చే లోతైన రేవు లేనందున తెరచాప ఓడలు ఆ కాలంలో తీరాన్ని విడిచి వెళ్లేవి. కొండలను మేఘాలు కప్పేదీ అప్పుడే. ఆనవాలు అత్యవసరమైన రోజులలోనే అది కనబడకపోవడం ఈ తీరపు నౌకాయానానికి ఋతువులవారీ క్రమాన్ని విధించిన కారణాలలో ఒకటిగా పరిగణించవచ్చు.

4. రేవుకు, రాజధానికి మధ్య

16వ శతాబ్ది ఆరంభంలో భారతదేశానికి వచ్చిన పోర్చుగీసు రచయిత దువార్తె బార్బోసా పులికాట్‌ను విజయనగర పాలనలోని సంపన్నమైన రేవుగా వర్ణించాడు. పెగూ నుండి వచ్చే కెంపులు, మలక్కాకు వెళ్లే రంగుల నూలుబట్టలు అక్కడి వ్యాపారంలో ముఖ్యమైనవి. ఆ బట్టలు తయారైనది రేవులో మాత్రమే కాదు, లోపలి నేత గ్రామాలలో కూడా. ఎర్రరంగుకు ఆధారమైన చిరువేరు తీరపు ఇసుకనేలలలో దొరికేది. నూలు, నేత, అద్దకం, అమ్మకం అనే దశలు తీరం నుండి లోపలికి పరచుకొని ఉండేవి.

లోపలి దిశగా వెళ్లే దారుల చరిత్రకు నాగలాపురం ఒక సాక్ష్యం. నగరి కొండలకు తూర్పున ఉన్న ఈ ఊరిలోని వేదనారాయణస్వామి ఆలయాన్ని శ్రీకృష్ణదేవరాయలు నిర్మింపజేశాడని, తన తల్లి నాగలాదేవి పేర ఊరికి ఆ పేరు పెట్టాడని ప్రసిద్ధి. కొండల పడమటి వైపున నారాయణవనం ఉంది. తిరుపతి, చంద్రగిరుల నుండి తూర్పుతీరానికి దిగే మార్గంలో ఈ రెండు ఆలయ కేంద్రాలు కొండలకు రెండు వైపులా నిలిచాయి.

తళ్లికోట యుద్ధం (1565) తర్వాత విజయనగర రాజధాని పెనుగొండకు, ఆపైన చంద్రగిరికి, వేలూరుకు మారింది. రాజధాని దక్షిణానికి, తూర్పుకు జరిగిన కొద్దీ పులికాట్ రాజ్యానికి దగ్గరి రేవు అయింది. 1610లో డచ్చివారికి పులికాట్‌లో స్థావరానికి అనుమతి ఇచ్చినది రెండవ వేంకటపతిరాయలు. రేవుప్రాంతం ఆయన రాణి ఓబమ్మ ఆధీనంలో ఉండేది. మైలాపూరులోని సావొ తొమె పోర్చుగీసువారు 1612లో డచ్చి స్థావరంపై దాడి చేశారు. ఆ తర్వాత 1613లో డచ్చివారు గెల్డ్రియా కోటను పూర్తిచేశారు. స్థావరాధిపతి వెమ్మెర్ వాన్ బెర్షెమ్ స్వస్థలమైన గెల్డర్‌లాండ్ పేర కోటకు ఆ పేరు వచ్చింది. 1690 వరకు అది కోరమండల్‌లో డచ్చివారి ముఖ్యకేంద్రం. అనంతరం ఆ స్థానం నాగపట్నానికి మారింది.

1614లో వేంకటపతి మరణించగానే వారసత్వ యుద్ధం చెలరేగింది. గొబ్బూరి జగ్గరాయలు ఒక పక్షాన, వెలుగోటి యాచమనాయకుడు మరొక పక్షాన నిలిచారు. తొప్పూరు వద్ద జరిగిన యుద్ధంలో జగ్గరాయలు మరణించాడు. ఇరుపక్షాల నాయకులకూ పులికాట్ వెనుకనున్న ప్రాంతాలతో గాఢమైన సంబంధాలున్నాయి. లోపలి పోరు, కరువు రేవు మీద చూపిన ప్రభావం బట్టల సరఫరాకే పరిమితం కాలేదు. ఆ శతాబ్దిలో పులికాట్ నుండి బటేవియాకు బానిసలుగా మనుషుల ఎగుమతి కూడా జరిగింది. కోట గోడల లోపలి లెక్కపుస్తకాలలో సంఖ్యలుగా నమోదైన ఈ మనుషులలో అనేకులు యుద్ధాలకు, కరువులకు గురైన లోపలి గ్రామాలవారు. రేవు చరిత్రను దాని వెనుకభూమితో కలిపి చదవవలసిన అవసరానికి ఇంతకన్నా గట్టి కారణం లేదు.

ఆంగ్లేయుల తొలి అడుగులు కూడా ఈ తీరాన్నే అనుసరించాయి. 1611లో ‘గ్లోబ్’ అనే ఆంగ్ల నౌక పులికాట్‌కు వచ్చి, డచ్చివారి ప్రతిఘటన వల్ల ఉత్తరానికి సాగి నిజాంపట్నం, మచిలీపట్నం చేరింది. 1626లో సరస్సుకు ఉత్తరాన దుగ్గరాజపట్నంలో ఆంగ్లేయులు స్థావరం పెట్టారు. వారి పత్రాలలో అది ఆర్మగాన్. అక్కడి నుండే ఫ్రాన్సిస్ డే దక్షిణానికి చూసి, 1639లో దామెర్ల వేంకటాద్రి నుండి మద్రాసు స్థలాన్ని పొందాడు. పులికాట్ ప్రాధాన్యాన్ని చివరకు మింగివేసిన మద్రాసు, పులికాట్ సరస్సు అంచుననుండే పుట్టిందన్నమాట. మద్రాసు రేవుకు వచ్చే ఓడలకు కూడా నగరి ముక్కుకొండ ఆనవాలుగా కొనసాగింది. రేవు మారినా కొండ మారలేదు.

5. కొండను ఏలినవారు

కొండకు పాదాన ఉన్న ప్రాంతాన్ని ఆంగ్ల పత్రాలు పడమటి పాళెములు అని పేర్కొన్నాయి. వెంకటగిరి, కాళహస్తి, కార్వేటినగరం, సైదాపురం వాటిలో ముఖ్యమైనవి. కార్వేటినగర ప్రభువుల కుటుంబనామమైన బొమ్మరాజు ఆంగ్లేయుల రాతలో ‘బొమ్రాజ్’ అయింది. నారాయణవనం, నగరి ప్రాంతాలు వారి పాళెంలోనివి. అడవితో కప్పిన కొండలు పాళెగాళ్లకు రక్షణనిచ్చాయి. కావలి ఆదాయం, కనుమదారులపై అదుపు వారి అధికారానికి మూలాలు. 1801లో కర్ణాటక నవాబు నుండి పాలన కంపెనీకి చేరింది. 1802లో ఈ పాళెగాళ్లకు శాశ్వత పేష్కషు నిర్ణయించి సనదులు ఇవ్వడంతో వారు జమీందారులయ్యారు.

ఈ వ్యాసానికి కాళహస్తి జమీందారీ ప్రత్యేకంగా ముఖ్యం. దామెర్లవారి ఈ జమీందారీ గ్రామాలు ఉత్తర ఆర్కాటు, నెల్లూరు, చెంగల్పట్టు అనే మూడు జిల్లాలలోనూ ఉండేవి. సత్యవేడు ప్రాంతం, కంబాకం కొండ దిగువభూములు దాని పరిధిలోనివే. కంపెనీ గీసిన జిల్లా గీతలు కొండను, మైదానాన్ని, సరస్సును విడదీస్తే, అంతకుముందునుండి వచ్చిన జమీందారీ వాటిని అడ్డంగా కలిపి ఉంచింది. కొండ మీది అడవి, ఏటి నీరు, దిగువ చెరువు, తీరపు వంటచెరకు బజారు ఒకే ఆర్థికవ్యవస్థలోనివన్న ఎరుక ఆ పాత ఏర్పాటులో మిగిలింది.

సరస్సు వైపున చిత్రం వేరు. శ్రీహరికోట అడవి 1835లో ప్రభుత్వాధీనమైంది. అక్కడి యానాదులు తేనె, దుంపలు, చిరువేరు వంటి వనోత్పత్తులు సేకరించి బతికేవారు. ప్రభుత్వం వారిని అడవి పనికి శ్రామికులుగా చూసింది. దీవి నుండి మద్రాసుకు వంటచెరకు తరలింది. కొండ వైపున జమీందారీ, దీవి వైపున ప్రభుత్వ అడవి, రేవులో 1825 వరకు డచ్చి పాలన ఉండేవి. ఒకే చూపులో ఇమిడే ప్రదేశంలో మూడు భిన్నమైన అధికారాలు వేర్వేరు కాలాలలో సాగాయి.

6. మూడు మాన్యువళ్లలో ఒక ప్రాంతం

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో మద్రాసు ప్రభుత్వం జిల్లాల వారీగా మాన్యువళ్లను ప్రచురించింది. బాస్వెల్ నెల్లూరు మాన్యువల్ 1873లో, క్రోల్ చెంగల్పట్టు మాన్యువల్ 1879లో, కాక్స్ ఉత్తర ఆర్కాటు మాన్యువల్ 1881లో వెలువడ్డాయి. ఈ ప్రాంతంపై పరిశోధించే ఎవరికైనా ఇవి తొలి ఆకరాలు. అయితే వాటి నిర్మాణంలోనే ఒక పరిమితి ఉంది. నగరి కొండలు ఉత్తర ఆర్కాటుకు చెందినవి. కంబాకం, పులికాట్ ఊరు, సరస్సు దక్షిణభాగం చెంగల్పట్టువి. శ్రీహరికోట, సరస్సు ఉత్తరభాగం నెల్లూరువి. జిల్లా అధికారి తన జిల్లా గీత వరకే వివరించడం సహజం. ఫలితంగా ఆరణి నది పుట్టుక ఒక సంపుటంలోకి, దాని సంగమం మరొక సంపుటంలోకి వెళ్లాయి.

తర్వాతి చరిత్రరచన ఈ విభజనను చాలావరకు అలాగే స్వీకరించింది. పులికాట్‌ను డచ్చి వర్తకచరిత్రలో అధ్యాయంగా, నగరిని పాళెగాళ్ల చరిత్రలో అధ్యాయంగా, శ్రీహరికోటను గిరిజనుల గురించిన వివరణలలో అధ్యాయంగా చదవడం అలవాటైంది. భాష కూడా ఇందుకు తోడైంది. రేవు చరిత్రకు ఆకరాలు డచ్చి, పోర్చుగీసు, ఆంగ్ల భాషలలోనివి. కొండ దిగువ ఆలయాల చరిత్రకు ఆకరాలు తెలుగు, తమిళ, సంస్కృత శాసనాలు. 1630, 1640 దశకాలలో పులికాట్‌లో పనిచేసిన డచ్చి మతాచార్యుడు అబ్రహాం రొజేరియస్ బ్రాహ్మణ పండితుడు పద్మనాభుని సహాయంతో హిందూ మతాచారాలపై రాసిన గ్రంథం 1651లో లైడెన్‌లో ప్రచురితమైంది. లోపలి సమాజం గురించిన విజ్ఞానం కోటలోకి చేరిందనడానికి అది నిదర్శనం. రెండు రకాల ఆకరాలను కలిపి చదవడం అసాధ్యం కాదని కూడా అది గుర్తుచేస్తుంది.

7. ఆనవాలు అవసరం తగ్గిన కాలం

ముక్కుకొండ ప్రాధాన్యం తగ్గడం ఒక్కరోజులో జరగలేదు. 1796లో మద్రాసు కోటలో తొలి దీపస్తంభం వెలిగింది. 1844లో మరింత ఎత్తైన రాతిస్తంభం దాని స్థానాన్ని తీసుకొంది. పులికాట్‌లో 1859లో దీపస్తంభం నిర్మితమైంది. కొండ పగటి ఆనవాలు. దీపం రాత్రి కూడా దారి చూపుతుంది. ఆవిరిఓడలు, మెరుగైన పటాలు, కాలమాపకాలు వచ్చిన తర్వాత కొండ రెండవ గుర్తుగా మిగిలింది.

నేల మీద మార్పులు కూడా అదే దిశలో సాగాయి. 1806లో మద్రాసు నుండి ఎన్నూరుకు తవ్విన కాలువ క్రమంగా ఉత్తరానికి విస్తరించి, పులికాట్ సరస్సు గుండా కృష్ణాడెల్టా వరకు సాగింది. 1878 నుండి అది బకింగ్‌హాం కాలువ. సరస్సులోని సరుకు రవాణా తూర్పు-పడమరల నుండి ఉత్తర-దక్షిణాలకు మళ్లింది. ఆ శతాబ్ది ఉత్తరార్ధంలో మద్రాసు నుండి వాయవ్యంగా వేసిన రైలుమార్గం నగరి, పుత్తూరుల మీదుగా రేణిగుంట చేరింది. కొండ పాదాన ఉన్న గ్రామాల పంట, నేత, కలప ఇక పులికాట్ వైపు చూడనవసరం లేకపోయింది. కొండకు, సరస్సుకు మధ్యనున్న అడ్డుదారి వెనుకబడింది. ఒకప్పుడు తూర్పు సముద్రాన్ని చూసిన కొండ ఇప్పుడు దక్షిణపు మహానగరానికి రైలుదారి గుర్తు అయింది.

8. సరిహద్దులు: 1911, 1960, 2022

1911లో ఉత్తర ఆర్కాటు నుండి చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు నగరి కొండలు అందులో చేరాయి. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల మధ్య సరిహద్దు వివాదంపై పటాస్కర్ సిఫారసుల మేరకు 1959లో చట్టం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో అధికభాగం మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. చెంగల్పట్టు జిల్లాలోని పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల నుండి సత్యవేడు ప్రాంతపు గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. భాషాప్రాతిపదికన ఇది సమంజసమైన పరిష్కారమే. అయితే దాని పర్యవసానంగా కంబాకం కొండకు, పులికాట్ ఊరికి మధ్య తొలిసారి రాష్ట్రసరిహద్దు వచ్చింది. ఆరణి నది అప్పటికే ఒక రాష్ట్రంలో పుట్టి మరొక రాష్ట్రంలో ముగిసే నది. సరస్సు నీటిపైనా సరిహద్దు ఉంది. వలవేసే హద్దులపై రెండు రాష్ట్రాల మత్స్యకారుల మధ్య ఘర్షణలకు ఈ గీత కారణమైంది. తరతరాలుగా వంతులవారీగా వేట హక్కును పంచుకొనే పాడు పద్ధతికి నీటిపై గీసిన గీతతో పొసగడం కష్టం.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు జిల్లా నుండి సూళ్లూరుపేట, తడ, శ్రీహరికోట ప్రాంతాలు, చిత్తూరు జిల్లా నుండి సత్యవేడు, వరదయ్యపాలెం ప్రాంతాలు అందులో కలిశాయి. కంబాకం కొండ, సరస్సు ఉత్తరభాగం ఒకే జిల్లాలో ఉండడం ఈ పునర్వ్యవస్థీకరణతో వచ్చిన మార్పు. నగరి మాత్రం చిత్తూరు జిల్లాలో నిలిచింది. పులికాట్ ఊరు, సముద్రద్వారం తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఉన్నాయి.

ఈ విభజన వర్తమానంలోనూ ఫలితాలు చూపుతోంది. సరస్సు పూడిక, సముద్రద్వారం మూసుకుపోవడం, ఏరుల ప్రవాహం తగ్గడం పరస్పర సంబంధం ఉన్న సమస్యలు. ఏటి పుట్టుకచోట అడవి తరిగితే వాననీటితోపాటు మట్టి దిగువకు వస్తుంది. మధ్యలో నీటిని ఆపితే సరస్సుకు చేరే తీపినీరు తగ్గుతుంది. ద్వారం పూడితే ఉప్పు, తీపి నీళ్ల సమతుల్యం చెడుతుంది. వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క శాఖ, ఒక్కొక్క జిల్లా, ఒక్కొక్క రాష్ట్రం బాధ్యత వహిస్తున్నప్పుడు మొత్తం ప్రవాహాన్ని ఒకటిగా చూసే బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది. మాన్యువళ్ల కాలంలో కాగితం మీద జరిగిన విభజన ఇప్పుడు నీటి నిర్వహణలో కనిపిస్తోంది.

9. ముగింపు

నగరి ముక్కుకొండ చరిత్రలో మూడు చూపులు ఉన్నాయి. సముద్రం నుండి వచ్చిన నావికునికి అది దిక్కు చూపే రేఖ. కొండ కింది పాళెగానికి అది రక్షణ, ఆదాయం. జిల్లా అధికారికి అది తన సంపుటంలోని ఒక అధ్యాయం. ఈ మూడింటిలో కొండను, మైదానాన్ని, తీరాన్ని ఒకే దృశ్యంగా చూసినది నావికుని చూపు మాత్రమే. అయితే అతనికి ఆ దృశ్యంలోని మనుషులతో పని లేదు. మనుషులను ఎరిగిన జమీందారీ దఫ్తర్లకు, ఆలయ శాసనాలకు రేవు అవతలి సముద్రం పట్టలేదు.

ఈ ప్రాంతచరిత్రను తిరిగి రాయడానికి పరిశోధకునికి ఒక క్రమం సూచించవచ్చు. మొదట జిల్లాను కాక నదీపరీవాహాన్ని అధ్యయన పరిధిగా తీసుకోవాలి. ఆరణి పరీవాహంలోని నారాయణవనం, నాగలాపురం, సురుటుపల్లి శాసనాలను, కాళహస్తి, కార్వేటినగరం జమీందారీల దఫ్తర్లను, పులికాట్ డచ్చి పత్రాలను ఒకే కాలపట్టికలో చేర్చాలి. అప్పుడు వేంకటపతి మరణం తర్వాతి పోరు ఏ గ్రామాల నేతను దెబ్బతీసింది, ఏ కరువులో ఏ ఊళ్లవారు రేవుకు చేరి ఓడలెక్కవలసి వచ్చింది, కొండ అడవి తరిగిన కాలానికి సరస్సు పూడికకు సంబంధం ఎంత అన్న ప్రశ్నలు సమాధానానికి అందేలా రూపుదిద్దుకుంటాయి. మూడు మాన్యువళ్లను ముందు పరచుకొని చదివే పరిశోధకుడు వాటి మధ్య ఆరణి నది దారిని గీసుకొంటే చాలు, పని మొదలవుతుంది.